స్టాక్ రిజిస్టరులో లేని కటకం

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "ఇంజనీరువి కదా, కృత్రిమ మేధ గురించో డ్రోన్ల గురించో ఓ ఇరవై నిమిషాలు మాట్లాడవయ్యా" అన్నారు. వాటి గురించి నాకంటే మా అమ్మాయికి బాగా తెలుసు. నాకు గట్టిగా తెలిసిన పని ఒకటుంది. పాడైపోయిన ప్రొజెక్టర్లు, బైనాక్యులర్లు, జెరాక్స్ మిషన్లు విప్పి, వాటిలో పనికొచ్చే గాజు తీసి ఇంకోదానికి అమర్చడం. మా ఆవిడ ఈ పనికి పెట్టిన పేరు వేరే ఉంది, అది సభలో చెప్పేది కాదు. నలభై ఏళ్ళుగా చేస్తున్నాను. మొదలుపెట్టింది మాత్రం ఈ బళ్ళోనే. ఎలా మొదలుపెట్టానో ఒక్క మనిషికి తప్ప ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. ఇవాళ చెబుతాను. ఈ బల్ల మీద గుడ్డ కప్పి ఉంచిన వస్తువు సంగతి కూడా అందులోనే వస్తుంది.

మన సైన్సు గది కిటికీ పక్కన బీరువా ఉండేది, గుర్తుందా? దాని మీద నల్లటి ఇనప పెట్టె ఒకటి ఉండేది. ఎపిడయాస్కోపు. తర్వాతి బ్యాచ్‌ల వాళ్ళు చూసి ఉండరు. పుస్తకంలో బొమ్మను దాని కింద పెడితే ఎదుటి గోడ మీద పెద్దగా పడుతుంది. గాజు స్లైడులు చూపడానికి ఇంకో కటకం ఉండేది. ఎవరో దాత ఇచ్చారట. మా కాలానికి దాని దీపం మాడిపోయింది. అలాంటి దీపం మళ్ళీ దొరకలేదు. పెట్టె వెనకాల ఎలుకలు కాపురం పెట్టాయి. అయినా మన అటెండరు గారు ప్రతి శనివారం దాన్ని కిందికి దించి, ఇత్తడి గొట్టాన్ని తువ్వాలుతో తుడిచి మళ్ళీ పైన పెట్టేవారు. గంట కొట్టేది ఆయనే కాబట్టి మనమంతా ఆయన్ని గంట బాబాయ్ అనేవాళ్ళం.

1985 దసరా సెలవుల తర్వాత అందరి నోటా హేలీ తోకచుక్క మాటే. 76 ఏళ్ళకు ఒకసారి వస్తుంది, ఇప్పుడు తప్పితే మళ్ళీ 2061లోనే. ఫిజికల్ సైన్సు మాస్టారు బోర్డు మీద దుర్భిణి బొమ్మ వేసి, నాభ్యంతరం ఎక్కువున్న కటకం ముందు, తక్కువున్నది కంటి దగ్గర, ఇంతే అన్నారు. మొదటి నాభ్యంతరాన్ని రెండోదానితో భాగిస్తే ఎన్ని రెట్లు పెద్దగా కనిపిస్తుందో వస్తుందన్నారు. ఆ "ఇంతే" నా బుర్రలో దిగబడిపోయింది. కంటి దగ్గర పెట్టడానికి మైక్రోస్కోపు కటకం చాలు. పది రెట్లు అని రాసి ఉన్నదానికి నాభ్యంతరం రెండున్నర సెంటీమీటర్లు. 25 సెంటీమీటర్లను పదితో భాగిస్తే వచ్చేది అదే. మా అన్నయ్య కాలేజీ స్నేహితుడి దగ్గర అలాంటిది ఒకటి దొరికింది. ముందు కటకం మాత్రం ఎక్కడా లేదు.

కళ్ళజోళ్ళ షాపులో ప్లస్ వన్ పవరు అద్దం అడిగితే, అదే ఒక మీటరు నాభ్యంతరం ఉన్న కటకం. గట్టిగా పది రూపాయలు పెడితే వచ్చేది. ఈ ముక్క నాకు ఇంటర్లో తెలిసింది. అప్పుడే తెలిసి ఉంటే ఇవాళ ఈ ప్రసంగం ఉండేది కాదు.

ఒక శనివారం డ్రిల్లు పీరియడులో నేను మైదానానికి వెళ్ళలేదు. ఎపిడయాస్కోపు విప్పాను. మొదట తీసింది దీపం ముందుండే లావుపాటి కటకాలు. చేతినిండా ఉన్నాయి, బరువుగా ఉన్నాయి, ఇవే అసలు సరుకు అనుకున్నాను. ఇంటికి తీసుకెళ్ళి అట్ట గొట్టానికి పెట్టి చంద్రుణ్ణి చూస్తే చుట్టూ నీలం, ఊదా అంచులు, మధ్యలో పాలలో తడిపిన అటుకుల ముద్దలాంటిదేదో కనిపించింది. అవి కండెన్సరు కటకాలు. దీపపు వెలుగును పోగుచేసి స్లైడు మీదికి నెట్టడం వాటి పని. ప్రతిబింబం స్పష్టంగా ఏర్పరచమని వాటినెవరూ అడగలేదు. గుండ్రంగా, లావుగా, తళతళలాడే ప్రతి గాజూ దుర్భిణికి పనికిరాదని అలా తెలిసింది. సోమవారం వాటిని జాగ్రత్తగా తిరిగి పెట్టేశాను. పెట్టి, ఇత్తడి గొట్టంతో సహా స్లైడుల కటకం తీసుకున్నాను.

దొంగిలించాను అని అప్పుడు అనుకోలేదు. పాడైపోయిందే కదా, ఎవరికి కావాలి అనుకున్నాను. పాత సామాను విప్పేవాళ్ళందరూ మొదట చెప్పుకునే సాకు ఇదే.

ఆ కటకం గురించి కాస్త చెప్పాలి. పైకి ఒకటే గొట్టం, లోపల నాలుగు గాజులు. ముందు రెండు గాజులు అతికించి ఉంటాయి, వెనక రెండింటి మధ్య కొంచెం ఖాళీ ఉంటుంది. వియన్నాలో ఉండిన జోసెఫ్ పెట్జ్వాల్ అనే గణిత ఆచార్యుడు 1840లో ఫొటోల కోసం లెక్కలు కట్టిన అమరిక ఇది. వెలుతురు బాగా లోపలికి రానిస్తుంది, మధ్యభాగం చక్కగా కనిపిస్తుంది, అంచుల్లో మాత్రం వంకర పోతుంది. తర్వాతి కాలంలో ప్రొజెక్టర్లకు ఈ తరహా కటకాలే ఎక్కువగా వాడారు. ఈ పేర్లన్నీ నాకు తెలిసింది చాలా ఏళ్ళకు. అప్పటికి నాకు తెలిసిందల్లా, ఎదురింటి కొబ్బరిచెట్టు గోడ మీద తలకిందులుగా, ఆకు ఆకునా తేటగా పడింది అన్నదొక్కటే. రంగుల అంచులు లేవు. గోడ నుంచి స్కేలుతో కొలిస్తే దాదాపు 20 సెంటీమీటర్లు. గొట్టం వెడల్పు 5 సెంటీమీటర్లు.

20ని రెండున్నరతో భాగిస్తే 8 రెట్లు. నాకు చాల్లేదు. ముందు జతను విడిగా తీసి వాడితే నాభ్యంతరం పెరుగుతుందేమోనని అనిపించింది. దాన్ని పట్టి ఉంచే ఇత్తడి రింగుకు రెండు చిన్న గంట్లు ఉంటాయి. వాటిలో పెట్టి తిప్పడానికి వేరే పనిముట్టు ఉంటుందని నాకేం తెలుసు? జామెట్రీ బాక్సులో డివైడరు ఉంది, చాలదా అనుకున్నాను. చాల్లేదు. జారింది. ముందు గాజు మీద అంచు నుంచి చిటికెన వేలి గోరంత గీత పడింది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. నిజానికి అలాంటి గీత వల్ల ప్రతిబింబానికి జరిగే నష్టం ఏమంత ఉండదు, రవ్వంత వెలుగు చెదురుతుంది అంతే. కంటికి కనబడే గీత కంటే కంటికి కనబడని వేలిముద్ర జిడ్డు, బూజు ఎక్కువ చెరుపు చేస్తాయి. అదీ తర్వాతే తెలిసింది.

ముందు జత ఒక్కటే వాడితే నాభ్యంతరం 38 సెంటీమీటర్లయింది. అంటే 15 రెట్లు. చంద్రుడి మీద గుంటలు కనబడ్డాయి. గురుగ్రహం పక్కన చుక్కలు వరసగా కనబడ్డాయి. గెలీలియో 1610లో ఆ చుక్కలను చూసిన దుర్భిణి ఇరవై రెట్లదట, నేను దరిదాపుల్లో ఉన్నానన్నమాట. అదే జనవరిలో తమిళనాడులోని కావలూరులో 2.34 మీటర్ల దుర్భిణి ప్రారంభమైంది. దానికి పెట్టింది హైదరాబాదులో చదువుకున్న వైను బప్పు గారి పేరు. నేను 5 సెంటీమీటర్ల గాజు జేబులో పెట్టుకుని తిరుగుతూ ఆ వార్త చదివాను.

గొట్టం బట్టల కొట్టులో దొరికింది, తాను చుట్టే అట్ట గొట్టం. లోపల నల్లగా లేకపోతే పక్క వెలుగు తగిలి బొమ్మ వెలిసిపోతుంది. నల్లరంగు ఎవరిచ్చారనుకున్నారు? గంట బాబాయే. బ్లాక్‌బోర్డులకు పూయగా మిగిలిన నలుపు కొబ్బరి చిప్పలో పోసి ఇచ్చారు. "దేనికిరా?" అంటే "దుర్భిణికి బాబాయ్" అన్నాను. "కటకం ఎక్కడిది?" అని అడగలేదు.

మార్చి నెల. పరీక్షలు ముంచుకొస్తున్నాయి. తెల్లవారుజామున నాలుగింటికి తోకచుక్క ఆగ్నేయం వైపు వస్తుంది. మా ఇంటి ముందు ఆ దిక్కున మేడ అడ్డం. మన మైదానంలో ఏ అడ్డూ లేదు. బాబాయ్ బడి షెడ్డులోనే పడుకునేవారు కాబట్టి గేటు తీశారు. మొదట ముందు జతతో వెతికాను, దొరకలేదు. వెనక జత కూడా బిగించి మళ్ళీ వెతికాను. దొరికింది.

ఇందులో ఓ విశేషం ఉంది. పెద్దగా చూపించే కొద్దీ ఆకాశంలో కనిపించే మేర తగ్గిపోతుంది, పలచటి వెలుగు ఇంకా పలచబడుతుంది. 8 రెట్లప్పుడు కంటి దగ్గరికి వచ్చే కాంతిపుంజం వెడల్పు 50 మిల్లీమీటర్లలో ఎనిమిదో వంతు, అంటే ఆరు పైచిలుకు. చీకట్లో కుర్రవాడి కంటిపాప తెరుచుకునేదీ ఇంచుమించు అంతే. వచ్చిన వెలుగంతా కంట్లోకే వెళ్ళింది. చాల్లేదని నేను విప్పేసిన అమరికే తోకచుక్కకు కావలసింది. కనబడింది చూస్తే, సున్నం అంటిన వేలితో నల్లగుడ్డ మీద ఒకసారి రాసినట్టు ఉంది. అంతే. నేను వణికిపోయాను, చలికి కాదు.

బాబాయ్ చూసి, "ఇంతేనా?" అన్నారు. తర్వాత గొట్టాన్ని చేతిలోకి తీసుకుని, ముందు వైపు తిప్పి, భుజం మీది తువ్వాలుతో ఇత్తడి అంచును ఒక్కసారి తుడిచి ఇచ్చేశారు.

ఏప్రిల్లో స్టాక్ వెరిఫికేషన్ జరిగింది. ఎపిడయాస్కోపు కటకం లేదు. సైన్సు గది తాళాలు బాబాయ్ దగ్గర ఉంటాయి కాబట్టి ఆయనకు మెమో ఇచ్చారు. మూడు నెలల్లో 90 రూపాయలు జీతంలోంచి పట్టుకున్నారు. ఈ సంగతి నాకు పరీక్షలయ్యాక, టీసీ కోసం వచ్చినప్పుడు తెలిసింది. హెడ్మాస్టరు గారి గది బయట బెంచీ మీద అరగంట కూర్చున్నాను. లోపలికి వెళ్ళి చెప్పేస్తే అయిపోయేది. టీసీ మీద ఏమైనా రాస్తారేమో, విజయవాడలో సీటు పోతుందేమో అని భయం. టీసీ తీసుకుని వెళ్ళిపోయాను. బాబాయ్ గేటు దగ్గరే ఉన్నారు. "బాగా చదువుకో" అన్నారు.

నా మొదటి ఉద్యోగం 1993లో. రెండో నెల జీతం రాగానే వచ్చాను. ఆయన అప్పటికి రిటైరై చెరువు గట్టు దగ్గర ఉండేవారు. సంగతంతా చెప్పి 500 రూపాయలు చేతిలో పెట్టాను. కళ్ళనీళ్ళు పెట్టుకుని "నాయనా, డబ్బెందుకు" అంటారనుకున్నాను. సినిమాల్లో అలాగే అంటారు కదా. ఆయన నోట్లు లెక్కపెట్టారు. "తొంభైకి ఏడేళ్ళ వడ్డీ వేసినా ఇంత అవదు. మిగతాది పరువుకా?" అన్నారు. నేను తల దించుకున్నాను. "ఆ గొట్టం నేను పదిహేనేళ్ళు తుడిచానురా. నీ చేతిలో చూడగానే తెలిసింది. పరీక్షలయ్యేదాకా ఊరుకుందాం, నువ్వే వచ్చి చెబుతావులే అనుకున్నా. నువ్వు రాలేదు." ఆ చివరి మాట ఆయన కోపంగా కూడా అనలేదు. డబ్బు మాత్రం తీసుకున్నారు. తీసుకోవడమే నాకు మేలు చేసింది. కాఫీ ఇచ్చారు. కటకం బడికి ఇచ్చెయ్యమన్నారు. ఇస్తానన్నాను. ఇవ్వడానికి ఇన్నేళ్ళు పట్టింది. దాచుకోవడానికి కారణాలు ఎన్నైనా దొరుకుతాయి. ఆయన ఇప్పుడు లేరు. వాళ్ళ మనవరాలు, మన 2009 బ్యాచ్ అమ్మాయి, ఈ సభలోనే ఉంది. నిన్న రాత్రి ఆ అమ్మాయికి చెప్పి అనుమతి తీసుకున్నాకే ఈ మాటలు చెబుతున్నాను.

ఆ తర్వాత విప్పినవన్నీ కొని విప్పినవే. హైదరాబాదులో గురువారం పూట పాత సామాన్ల సంత జరుగుతుంది, జుమేరాత్ బజారు అంటారు. అక్కడ నేను చాలా గురువారాలు సెలవు పెట్టి తిరిగాను. పాత జెరాక్స్ మిషన్లు పగలగొట్టేవాళ్ళకు ఇనుము, రాగి, అల్యూమినియం కావాలి. గాజుకు తూకంలో ధర లేదు. వాటి కటకం చూడటానికి గొప్పగా ఉంటుంది, కానీ దుర్భిణికి ముందు పెడితే అనుకున్నంత పదును రాదు. పదో తరగతి మాస్టార్లకు ఇది పనికొస్తుంది. నాభ్యంతరానికి రెట్టింపు దూరంలో వస్తువు పెడితే అంతే పరిమాణంలో ప్రతిబింబం వస్తుందని మనం బట్టీ పట్టాం కదా, జెరాక్స్ మిషను ఆ ఒక్క వాక్యం మీదే నడిచింది. దాని కటకాన్ని ఆ దూరానికే తీర్చిదిద్దారు. ఆకాశమంత దూరం చూడమంటే అది చేయగలిగినంత చేస్తుంది, అంతే. భూతద్దంగా మాత్రం అద్భుతం, నేను సర్క్యూట్ బోర్డులు చూసుకునేది దానితోనే.

ఆ మిషన్లలో అసలు నిధి పొడవాటి అద్దాలు. మన ఇళ్ళల్లో అద్దానికి పూత వెనక వైపు ఉంటుంది, వాటికి ముందు వైపే. వేలితో తాకితే వేలే గోడవుతుంది, మధ్యలో గాజు మందం కనబడదు. అలా గుర్తుపట్టొచ్చు. కానీ గుర్తుపట్టాక మళ్ళీ తాకకూడదు, ఆ పూత చొక్కా అంచుతో తుడిచినా గీతలు పడుతుంది. నేను మొదట దొరికినవి మూడు శుభ్రంగా తుడిచి పాడుచేశాను.

అతికించిన జత గాజులను వేడినీళ్ళలో వేసి విడదీద్దామని ఒకసారి బైనాక్యులర్ కటకం ఒకటి గిన్నెలో పడేశాను. పాతవాటిని కెనడా బాల్సమ్ అనే చెట్టు బంకతో అతికించేవారు. అది పసుపెక్కితే తీసి మళ్ళీ అతికించొచ్చని చదివాను. నెమ్మదిగా వేడి చెయ్యాలని కూడా చదివాను, కానీ ఆదివారం సాయంత్రమైపోతోంది. టక్కుమని శబ్దం వచ్చింది. రెండు గాజులు మూడయ్యాయి. ఇప్పుడు ఏది విప్పినా మొదట అంచుల మీదుగా పెన్సిలుతో బాణం గుర్తు గీసుకుంటాను, ఏ గాజు ఎటు తిరిగి ఉందో మళ్ళీ అలాగే పెట్టడానికి. నాలుగు గాజులను బల్ల మీద విడిగా పెట్టుకున్నాక అన్నీ ఒకేలా కనబడతాయి.

పిల్లలు కూడా ఉన్నారు కాబట్టి రెండు మాటలు. పాత కెమెరా ఫ్లాషులో కెపాసిటరు బ్యాటరీ తీసేశాక కూడా మూడు వందల వోల్టుల దాకా పట్టి ఉంచుతుంది. డీవీడీ రైటరులోని లేజరు కంటికి ప్రమాదం. ఈ రెండూ పెద్దవాళ్ళు పక్కన లేకుండా విప్పొద్దు. ఏ కటకంతోనూ, ఎప్పుడూ, సూర్యుడి వైపు చూడొద్దు.

ఇక గుడ్డ తీస్తున్నాను.

నిలబెట్టింది కొయ్య తిపాయి మీద, సర్వేవాళ్ళు డంపీ లెవెలు పెట్టేదే. గొట్టం ఈసారి పీవీసీ. ఇక్కడ 45 డిగ్రీల్లో కూర్చున్నది జెరాక్స్ అద్దం ముక్క, చూసేవాళ్ళు మెడ విరుచుకోకుండా. కంటి కటకాలు రెండూ మైక్రోస్కోపువి, ఒకటి పది రెట్లది, ఒకటి పదిహేను రెట్లది. ఇక ముందున్న ఇత్తడి గొట్టం మీకు తెలిసిందే. వెనక జత ఈ డబ్బాలో ఉంది, తోకచుక్క వచ్చినప్పుడు బిగించుకోండి. బూజు పట్టకుండా సిలికా జెల్ సంచి కూడా పెట్టాను, వానాకాలం ముందు మార్చాలి.

హెడ్మాస్టరు గారూ, స్టాక్ రిజిస్టరు తెప్పించమని పొద్దున్నే అడిగాను. ఇందులో ఇలా రాయించండి: కటకం ఒకటి, ఇత్తడి గొట్టంతో, ముందు గాజు మీద అంచున ఒక గీత. తెచ్చినవారు అన్నచోట నా సంతకం పెడతాను. 1986 పేజీలో ఆ కటకం ఎదురుగా ఎర్రసిరాతో బాబాయ్ పేరు రాసి ఉంది. దాని పక్కన కూడా ఒక ముక్క రాసి సంతకం పెట్టడానికి అనుమతివ్వండి.

ఇవాళ పంచమి. చీకటి పడగానే దీన్ని మైదానంలో, అప్పట్లో నిలబెట్టిన చోటే పెడతాను. చంద్రుడి గుంటలు పౌర్ణమి కంటే ఇలాంటి రోజుల్లోనే బాగా కనబడతాయి. నీడలు పొడుగ్గా పడతాయి. గంట బాబాయ్ మనవరాలు మొదట చూస్తుంది, తర్వాత పిల్లలు, ఆ తర్వాత మా బ్యాచ్ వాళ్ళు వరసలో రండి. ముందు గాజును మాత్రం ఎవరూ వేలితో తాకొద్దు.